కారుకు సైకిల్ ర్యాక్ ఎలా ఎంచుకోవాలి?

ముందు సైకిల్ బరువు చూడండి. బరువు చూసుకునే మిషన్ మీద సైకిల్‌ని ఎత్తుకుని నిలబడి, వచ్చిన అంకెలోంచి మీ బరువు తీసేస్తే సరి. మామూలు సైకిల్ 10 నుంచి 15 కిలోలు ఉంటుంది. ఎలక్ట్రిక్ సైకిలైతే 20 దాటడం మామూలే. బ్యాటరీ ఊడొచ్చేదైతే తీసి కారులో పెట్టుకోండి, కాస్త తేలికవుతుంది.

తర్వాత కారు మాన్యువల్ తీయండి. కారు టాప్ ఎంత బరువు మోస్తుందో, వెనక హిచ్ (ట్రైలర్ లాంటివి తగిలించే కొక్కెం) ఉంటే అది ఎంత మోస్తుందో అందులో ఉంటుంది. ర్యాక్ బరువు కూడా ఆ లెక్కలోదే. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. హిచ్ పరిమితి 60 కిలోలు, ర్యాక్ 20 కిలోలు అనుకుందాం. సైకిళ్లకు మిగిలేది 40. చెరో 25 కిలోల ఎలక్ట్రిక్ సైకిళ్లు రెండు పెడితే పరిమితి దాటేసినట్టే. ఒక్కో సైకిల్‌కి ర్యాక్ ఎంత ఒప్పుకుంటుందో కూడా విడిగా చూడాలి.

ఇక రకం. కారుకి హిచ్ ఉంటే నా ఓటు దానికి బిగించే ప్లాట్‌ఫామ్ ర్యాక్‌కే. చక్రాలు ట్రేలో కూర్చుంటాయి, సైకిల్‌ని మోకాలి ఎత్తుకి లేపితే చాలు. డిక్కీకి పట్టీలతో కట్టే ర్యాక్ చవక. కానీ స్పాయిలర్ (వెనక పైభాగంలో రెక్కలా ఉండేది) ఉన్న కార్లకు అన్నీ సరిపోవు, మీ మోడల్‌కి పనికొస్తుందో లేదో చూసే కొనండి. పట్టీల కింద దుమ్ము ఉంటే పెయింట్ గీసుకుపోతుంది. టాప్ మీద పెట్టేదైతే డిక్కీకి అడ్డు ఉండదు గానీ, పైన సైకిల్ ఉన్న సంగతే మరచిపోతాం. నేనూ ఒకసారి బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దూరబోయి, గార్డు కేక విని బ్రేక్ వేశాను. అప్పట్నుంచి మొత్తం ఎత్తు చీటీ మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటిస్తున్నాను.

ఫ్రేమ్ కార్బన్‌దైతే దాన్ని పట్టి బిగించే ర్యాక్ వద్దు, నొక్కుడుకి పగులు రావచ్చు. చక్రాన్ని పట్టుకునేది తీసుకోండి. పైగొట్టం లేని సైకిల్‌ని వేలాడదీయాలంటే సీటు నుంచి హ్యాండిల్ దాకా విడిగా ఒక అడ్డబార్ కావాలి.

బిగించాక సైకిల్‌ని పట్టుకుని గట్టిగా ఊపండి. కారు కూడా ఊగాలి. సైకిల్ ఒక్కటే ఊగితే ఇంకా వదులుందన్నమాట. రెండు సైకిళ్లుంటే ఒకదాని పెడల్ రెండోదాని ఫ్రేముకి తగులుతుందేమో చూసి, మధ్యలో పాత తువ్వాలు దోపండి. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనబడాలి. టైరు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉండకూడదు, వేడికి రబ్బరు కరుగుతుంది.

పది, పదిహేను కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆపి పట్టీలు చూడండి, మొదట్లో కాస్త సాగుతాయి. మిగిలిన పట్టీ కొసను ముడేసి లోపలికి దోపండి. లేదంటే గాలికి టపటపా కొట్టుకుంటూ దారంతా బుర్ర తింటుంది.