గడ్డి నుంచి ఇథనాల్ – 3వ పాఠం: క్షారంతో పూర్వశుద్ధి

గత పాఠంలో గడ్డిని ఎండబెట్టి, పొడి చేసి, అందులో సెల్యులోజ్ (గ్లూకోజ్ గొలుసులతో అయిన తంతువులు), హెమిసెల్యులోజ్ (ఇతర చక్కెరల గొలుసులు), లిగ్నిన్ (వాటిని పట్టి ఉంచే గట్టి పదార్థం) ఎంతెంత ఉన్నాయో కొలిచాం. ఆ అంకెల కాగితాన్ని దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో అసలు లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ఆ పొడిలో నేరుగా సెల్యులేజ్ (సెల్యులోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టే) ఎంజైమ్ కలిపి చూసినవారికి ఫలితం తెలిసే ఉంటుంది: మూడు రోజులైనా సెల్యులోజ్‌లో ఎక్కువ భాగం కదలదు. సెల్యులోజ్ తంతువులను హెమిసెల్యులోజ్ అల్లుకుని ఉంటుంది, మిగిలిన సందులను లిగ్నిన్ పూడ్చేస్తుంది. అంత ఇరుకులోకి ఎంజైమ్ అణువు దూరలేదు. పైగా కొంత ఎంజైమ్ లిగ్నిన్‌కే అతుక్కుని వృథా అవుతుంది. ఈ అడ్డు తొలగించడమే పూర్వశుద్ధి.

దీనికి దారులు చాలా ఉన్నాయి. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేస్తే హెమిసెల్యులోజ్ కరిగి జైలోజ్ అనే చక్కెరగా బయటికి వస్తుంది. అయితే వేడి మితిమీరితే ఆ జైలోజే ఫర్‌ఫురాల్ అనే విషపదార్థంగా మారి, తరువాత చక్కెరను ఇథనాల్‌గా పులియబెట్టే ఈస్ట్‌ను దెబ్బతీస్తుంది. అధిక పీడనంలో ఆవిరి పట్టించి ఒక్కసారిగా పీడనం వదిలే పద్ధతి పరిశ్రమకు బాగుంటుంది కానీ, చిన్న ప్రయోగశాలలో ఆ పరికరం దొరకదు. గడ్డితో మొదలుపెట్టేవారికి నేను క్షారాన్నే సూచిస్తాను. ఇది సౌకర్యం కోసం చెబుతున్న మాట కాదు.

గడ్డి జాతుల హెమిసెల్యులోజ్ ముఖ్యంగా అరబినోజైలాన్, అంటే అరబినోజ్ అనే చక్కెర పక్కకొమ్మలుగా ఉన్న జైలోజ్ గొలుసు (జైలాన్). దాని పక్కకొమ్మల్లోని అరబినోజ్‌కు ఫెరులిక్ ఆమ్లం ఎస్టర్ బంధంతో అంటుకుని ఉంటుంది. ఆ ఫెరులిక్ ఆమ్లం రెండో వైపు లిగ్నిన్‌ను పట్టుకుంటుంది. అంటే హెమిసెల్యులోజ్‌కు, లిగ్నిన్‌కు మధ్య వంతెనలు ఉన్నాయన్నమాట. ఎస్టర్ బంధాన్ని తెంచడంలో క్షారానికి మించినది లేదు, అందుకే కొద్దిపాటి కాస్టిక్ సోడాకే (మనం వాడే క్షారం ఇదే) గడ్డి లొంగుతుంది. పైన్ వంటి కలపలో ఈ వంతెనలు దాదాపు ఉండవు కాబట్టి అదే మోతాదు అక్కడ అంతగా పనిచేయదు. ఒక ముడిసరుకుకు కుదిరిన పద్ధతిని మరొకదానికి కళ్లు మూసుకుని వాడకూడదని చెప్పేది ఇందుకే.

ఇక పని. పొడి బరువు లెక్కన 10 గ్రాముల గడ్డి కావాలి. మీ పొడిలో 8 శాతం తేమ ఉంటే తూచవలసింది 10.87 గ్రాములు. దానికి 1 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 100 మి.లీ. కలపండి. అప్పుడు గ్రాము గడ్డికి 0.1 గ్రాము క్షారం పడుతుంది. నోట్‌బుక్‌లో ఈ రెండో అంకెను తప్పక రాయండి. గడ్డిలోని ఎసిటైల్ సమూహాలు, ఆమ్లాలు క్షారాన్ని తినేస్తాయి కాబట్టి ద్రావణ గాఢత ఒక్కటే చెబితే విషయం సగమే తెలుస్తుంది.

ద్రావణం చేసేటప్పుడు నీటిలోకి క్షారాన్ని కొద్దికొద్దిగా వేయాలి. క్షారం మీద నీళ్లు పోయకూడదు, అది వేడెక్కి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం పాత్ర అసలే వద్దు: క్షారం దాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది.

సీసా మూతను కొద్దిగా వదులు చేసి, ఆటోక్లేవ్‌లో (పీడనంతో ఆవిరి పట్టించే పాత్రలో) 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచండి. లోపలి వేడి 121కి చేరాకే సమయం లెక్కపెట్టాలి. ఆటోక్లేవ్ లేకపోతే 50 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచినా గడ్డి బాగానే సడలుతుంది. చల్లారాక సన్నని గుడ్డలో వడకట్టండి. ముదురు గోధుమరంగు ద్రవం దిగుతుంది. కరిగిన లిగ్నిన్, కొంత జైలాన్ అందులోనే ఉన్నాయి. దాన్ని అలాగే పారబోయకుండా వేరుగా ఉంచండి. మిగిలిన గుజ్జును పీహెచ్ 7 దగ్గరికి వచ్చేవరకు నీటితో కడగండి. ఎంజైమ్ పీహెచ్ 5 ప్రాంతంలో పనిచేస్తుంది కాబట్టి మిగిలిపోయిన క్షారం దాన్ని చెడగొడుతుంది.

ఇక్కడ చాలామంది గుజ్జును ఓవెన్‌లో ఆరబెట్టేస్తారు. అలా చేయవద్దు. మనం కష్టపడి తెరిచిన సూక్ష్మరంధ్రాలు ఎండేటప్పుడు కుంచించుకుపోతాయి, మళ్లీ తడిపినా పూర్తిగా తెరుచుకోవు. 2 గ్రాముల తడి గుజ్జును మాత్రం 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి పొడి శాతం కనుక్కుని, ఆ నమూనాను పక్కన పడేయండి. మిగతాదాన్ని తడిగానే వాడాలి.

ఇప్పుడు లెక్క. ‘లిగ్నిన్ ఇంత శాతం తీసేశాం’ అనే గొప్పలు నాకు నచ్చవు. లిగ్నిన్‌తో పాటు చక్కెర ఎంత పోయిందో అవి చెప్పవు. ఒక ఊహా ఉదాహరణ చూడండి. 10 గ్రాముల గడ్డిలో 36 శాతం, అంటే 3.6 గ్రాముల సెల్యులోజ్ ఉందనుకుందాం. మృదువైన శుద్ధి తరువాత 6.2 గ్రాముల గుజ్జు మిగిలింది, అందులో సెల్యులోజ్ 52 శాతం, అంటే 3.22 గ్రాములు. ఎంజైమ్ దానిలో 75 శాతాన్ని విడగొట్టింది. సెల్యులోజ్ గ్లూకోజ్‌గా మారేటప్పుడు నీరు చేరుతుంది కాబట్టి 1.111తో గుణించాలి. వచ్చే గ్లూకోజ్ 2.69 గ్రాములు.

రెండో పాత్రలో క్షారం, వేడి రెండూ పెంచారు. గుజ్జు 4.4 గ్రాములే మిగిలింది, సెల్యులోజ్ 62 శాతం, ఎంజైమ్ విడగొట్టింది 85 శాతం. కాగితం మీద ఇదే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ గ్లూకోజ్ 2.58 గ్రాములే! గుజ్జు నాణ్యత పెరిగింది, మొదట తీసుకున్న గడ్డి నుంచి వచ్చిన చక్కెర తగ్గింది. గ్రాము గ్లూకోజ్‌కు గరిష్ఠంగా 0.511 గ్రాముల ఇథనాల్ వస్తుంది కాబట్టి, క్షారం ఎక్కువ ఖర్చుపెట్టి ఇథనాల్ తగ్గించుకున్నట్టు. కాబట్టి ఏ ఫలితాన్నయినా మొదటి గడ్డి బరువుకే లెక్కకట్టండి.

అభ్యాసం: 0.5, 1, 2 శాతం ద్రావణాలతో మూడు పాత్రలు, వట్టి నీటితో నాలుగోది పెట్టండి. వేడి ఒక్కటే ఎంత పని చేసిందో ఆ నాలుగోదే చెబుతుంది. ప్రతి పాత్రలో మిగిలిన గుజ్జు పొడి బరువు, దానిలోని సెల్యులోజ్ రాసుకుని, మొదటి 3.6 గ్రాముల స్థానంలో మీ గడ్డి అంకె పెట్టి, ఎంత శాతం సెల్యులోజ్ నిలిచిందో లెక్కించండి. గుజ్జును మూతపెట్టి 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచి, బూజు పట్టకముందే 4వ పాఠంలోని ఎంజైమ్ పనికి తీసుకురండి.