బ్లోయర్ తిరగడం లేదా? మోటార్ మార్చే ముందు ఇవి చూడండి

అనంతపురం ఎండల్లో కారు బ్లోయర్ ఆగిపోతే లోపల కూర్చోలేం. ఏసీకైనా హీటర్‌కైనా గాలి కొట్టేది ఆ ఒక్క మోటారే. అది తిరగనంత మాత్రాన మోటార్ పోయిందని వెంటనే డబ్బు పెట్టేయకండి.

మొదట ఫ్యూజు. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. పెద్దది వేస్తే వైరింగే కాలుతుంది, దయచేసి ఆ పని చేయొద్దు. కొత్తదీ వెంటనే పోతే మోటార్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో షార్ట్ ఉండాలి.

నాబ్ ఉన్న బండిలో 1, 2, 3లో ఉలుకూ పలుకూ లేకుండా 4లో మాత్రం గాలి వస్తోందా? మోటార్ భేషుగ్గా ఉంది, పోయింది రెసిస్టర్, అంటే మోటార్‌కు వెళ్లే కరెంటు తగ్గించి తక్కువ స్పీడులు ఇచ్చే భాగం. మోటార్ కన్నా బాగా చవక. దాని కనెక్టర్‌ను కూడా పీకి చూడండి: పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగినట్టుంటే అదీ మార్చాలి, లేకపోతే కొత్త రెసిస్టర్ కూడా నిలవదు. రెసిస్టర్ చల్లబడేది బ్లోయర్ గాలితోనే. మన దుమ్ముకు క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలి గాలిని వడకట్టేది) మూసుకుపోతే రెసిస్టర్ వేడెక్కిపోతుంది.

ఏ స్పీడులోనూ రాకపోతే నాబ్ ఫుల్‌లో పెట్టి, గ్లవ్ బాక్స్ వెనకున్న మోటారును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. చాలా బళ్లలో అది అక్కడే ఉంటుంది. తట్టగానే తిరిగితే మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టే. అప్పటికీ కదలకపోతే మోటార్ కనెక్టర్ తీసి, రెండు పిన్నుల మధ్య టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తోందో లేదో చూపే చిన్న బల్బు) పెట్టండి. బాగా వెలిగితే తప్పు మోటారుదే. వెలగకపోతే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), నాబ్ స్విచ్, ఎర్త్ వైరు మెకానిక్‌కు చూపించండి.