సెయింట్ లూయిస్ పాత ఊరిని ఒక్క రోజులో ఎలా చూడాలి?

అమెరికాలోని సెయింట్ లూయిస్ చూసొచ్చామని చెప్పేవాళ్ళలో చాలామంది గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద ఉక్కు కమాను కింద ఫోటో దిగి, గంటలో కారెక్కేసినవాళ్ళే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ప్రతి వేసవిలోనూ ఇదే తంతు. చుట్టాలను వెంటబెట్టుకుని ఇక్కడ ఎన్నోసార్లు తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఈ ఊరిని 1764లో ఫ్రెంచి వ్యాపారులు మిసిసిపీ ఒడ్డున పెట్టారు. చూడటం కూడా నది దగ్గరే మొదలవ్వాలి, ఆర్చ్ దగ్గర కాదు.

శనివారమే వెళ్ళండి. ఆ రోజు ఈ ఊరి జట్టు కార్డినల్స్ బేస్‌బాల్ మ్యాచ్ ఊళ్ళోనే ఉందేమో ముందు చూసుకోండి. స్టేడియం పక్కనే కాబట్టి పార్కింగ్‌కి చుక్కలు కనిపిస్తాయి. నడిచే బూట్లు, నీళ్ళ సీసా, టోపీ చాలు.

పొద్దున్నే మిసిసిపీ మీదున్న ఈడ్స్ వంతెన మీదికి నడవండి. పైన రోడ్డు, పక్కన నడకదారి, కింద మెట్రో రైలు. సగం దూరం వెళ్ళి ఆగి వెనక్కి తిరగండి. ఊరూ ఆర్చ్ నదిలోంచి లేచినట్టు కనిపించేది అక్కడే. 1874లో తెరిచిన ఈ ఉక్కు వంతెన పునాదుల కోసం కూలీలు నది అడుగున, ఒత్తిడి గాలి నింపిన ఇనుప గదుల్లో తవ్వారు. గబగబా పైకి రావడంతో ఒళ్ళు మెలికలు తిరిగి పదిమందికి పైగా చనిపోయారు. ఎందుకు అలా అవుతుందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. కట్టాక జనానికి నమ్మకం కుదరడానికి వంతెన మీద ఏనుగును నడిపించారు.

వంతెన దిగి ఒడ్డు వెంటే ఆర్చ్ వైపు రండి. మీరు చూసే పచ్చిక మైదానమే అసలు పాత ఊరు. ఇప్పుడు ఆర్చ్ ఉన్న ఈ స్మారకం కోసం సుమారు 40 బ్లాకులు కూల్చేశారు. 1834 నాటి పాత కెథీడ్రల్‌ని మాత్రం ఉంచారు. లోపల అయిదు నిమిషాలు కూర్చోండి.

ఇక ఆర్చ్ పైకి ఎక్కడం. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే, నిదానంగా చదవండి.

కింద మ్యూజియం ఉచితం, పైకి వెళ్ళే ట్రామ్‌కి టికెట్ కావాలి. టికెట్ మీద టైమ్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో ముందే కొనండి, పదకొండు గంటలకైతే పదింబావుకే అక్కడుండండి. లోపలికి వెళ్ళాలంటే విమానాశ్రయంలో లాగా తనిఖీ ఉంటుంది. జేబులో చిన్న కత్తి ఉన్నా వెనక్కి పంపిస్తారు.

ట్రామ్ అంటే మామూలు లిఫ్ట్ అనుకోకండి. వరసగా ఎనిమిది చిన్న గూళ్ళు, ఒక్కో దాంట్లో ఐదుగురు. తలుపు నాలుగడుగులే, నడుం వంచి దూరాలి. మోకాలికి మోకాలు తగులుతుంది. కమాను వంపు ఎక్కుతుంటే గూడు నిటారుగా ఉండటానికి టక్‌టక్‌మని సర్దుకుంటుంది, తలుపు అద్దంలోంచి ఇనుప మెట్లు కిందికి జారిపోతుంటాయి. పైకి నాలుగు నిమిషాలు, కిందికి మూడు. పైన టాయిలెట్ లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు. ట్రామ్ ఎక్కి దిగేటప్పుడు మెట్లు కూడా చాలానే ఉన్నాయి, వీల్‌చైర్ పైదాకా వెళ్ళదు.

ఒకసారి మా పెద్దనాన్నను ఏమీ చెప్పకుండా ఎక్కించాను. తలుపు మూసుకోగానే పట్టుకున్న నా చెయ్యి పైకి చేరేదాకా వదల్లేదు. "ముందే చెబితే కిందే కూర్చునేవాణ్ణి కదమ్మా, నన్ను అడగవేం?" అన్నారు. అప్పట్నుంచి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, ఇరుకు గదంటే టెన్షన్ పడేవాళ్ళకీ ఇదంతా ఇంట్లోనే చెప్పి, వాళ్ళ మాట విన్నాకే టికెట్లు కొంటున్నాను. వద్దన్నవాళ్ళను బలవంతపెట్టకండి. మ్యూజియంలో రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

పైన ముందు పడమటి కిటికీల దగ్గరికే వెళ్ళండి. అందరూ నది వైపు ఎగబడతారు, కానీ నదిని మీరు పొద్దున్నే చూసేశారు. పడమట ఎదురుగా పచ్చ గోపురంతో కనిపించేది పాత కోర్టు. తాము బానిసలం కామని, స్వేచ్ఛ కావాలని డ్రెడ్ స్కాట్, హారియట్ దంపతులు 1846లో వేసిన దావా విచారణ ఆ కోర్టులోనే జరిగింది. 1850లో గెలిచారు, 1857లో సుప్రీంకోర్టు కాదంది. దిగాక నేరుగా అక్కడికే నడవండి. బయట ఆ ఇద్దరి విగ్రహం ఉంది.

చివరగా సులార్డ్ అనే పాత పేట. అక్కడి మార్కెట్ 1779 నాటి నుంచీ నడుస్తోంది. సాయంత్రమైతే అంగళ్ళు సర్దేస్తారు, మూడింటికల్లా చేరాలి. పండ్లు కొనుక్కుని వీధుల్లోకి వెళ్ళండి, కారులో కాదు, నడిచి. ఇళ్ళన్నీ ఎర్ర ఇటుకే. 1849లో రేవులో ఒక స్టీమర్ నుంచి అంటుకున్న మంట ఊళ్ళో వందల భవనాలను బూడిద చేసింది. ఆ తర్వాత చెక్కతో కట్టొద్దని, ఇటుకతోనో రాతితోనో కట్టాలని నిబంధన పెట్టారు. ఇటుకకు కావాల్సిన బంకమన్ను ఊరి కిందే దొరికింది. ఎండ వాలే వేళ ఏదైనా ఒక గోడ దగ్గర నిలబడి, తలుపు పైన ఇటుకలను విసనకర్రలా పేర్చిన తీరు చూడండి.