నోరు విప్పుదాం – 8వ పాఠం: కబుర్ల గురించి అడిగితే

పోయిన పాఠంలో మీ ఊరి గురించి రెండు నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకోమన్నాను. చేసినవాళ్ళు దాన్ని చెరిపేయకండి, ఈ పాఠం చివర దానితో పని ఉంది. చేయనివాళ్ళు ముందు ఆ పని కానిచ్చి తర్వాత ఇది చదవండి. చదివాక చేస్తే లాభం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఈసారి విషయం స్నేహితులతో కబుర్లు. విదేశాల్లో చదువుకీ ఉద్యోగానికీ వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్, అంటే ఎగ్జామినర్‌తో మాట్లాడే భాగం, మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో మొదటి భాగం నాలుగైదు నిమిషాలే. ఇల్లు, చదువు, ఉద్యోగం అయ్యాక ఇలాంటి తేలిక విషయాలు ఒకటి రెండు ఎత్తుకుంటారు. "డూ యు లైక్ చాటింగ్ విత్ యువర్ ఫ్రెండ్స్?" అనగానే మనవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. కబుర్లు చెప్పడం మనకి ఒకరు నేర్పాలా? అరుగు మీద, టీ కొట్టు దగ్గర, కాలేజీ బస్సులో పొద్దస్తమానం చేసేది అదేగా!

సరిగ్గా అక్కడే తడబడతాం. తెలియని విషయమైతే ఆచితూచి మాట్లాడతాం. బాగా తెలిసిన విషయమైతే తెలుగు ముందు పరిగెడుతుంది, ఇంగ్లిష్ ఆయాసపడుతూ దాని వెనకాలే వస్తుంది. తరగతిలో నేను తరచూ వినే జవాబు కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటుంది:

"యెస్, ఐ లైక్ చాటింగ్ వెరీ మచ్. ఈవినింగ్స్ ఐ విల్ చాట్ విత్ మై ఫ్రెండ్స్ ఇన్ వాట్సాప్. వి విల్ డిస్కస్ అబౌట్ స్టడీస్, మూవీస్ అండ్ ఆల్. ఐ యామ్ హ్యావింగ్ వన్ బెస్ట్ ఫ్రెండ్. ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్."

అర్థం కాలేదా అంటే అయింది. ఇందులో సిగ్గుపడాల్సిందీ లేదు. కానీ ఐదు వాక్యాల్లో అరడజను పైన తప్పులున్నాయి. అవి తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావు. తెలుగులో నిక్షేపంగా ఒప్పయిన వాక్యాన్ని అలాగే ఎత్తి ఇంగ్లిష్‌లో పెట్టడం వల్ల వచ్చినవి. ఎక్కడెక్కడ ఎత్తిపెట్టామో ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ముందు చాటింగ్ అన్న మాట. తెలుగులోకి వచ్చేసరికి దీని అర్థం కుంచించుకుపోయింది. "వాడు ఎప్పుడు చూసినా చాటింగే" అని అమ్మ విసుక్కుంటే ఫోనులో మెసేజీలు కొడుతున్నాడని అర్థం. ఇంగ్లిష్‌లో చాట్ అనే మాట ఫోన్లు పుట్టకముందు నుంచీ ఉంది. ఎదురెదురుగా కూర్చుని చెప్పుకునే కబుర్లు కూడా చాటే. ఎగ్జామినర్ కబుర్ల గురించి అడుగుతుంటే మనం వాట్సాప్ గురించి చెప్పేస్తున్నాం. దానికి మార్కులు కోసెయ్యరు, కంగారు పడకండి. చిక్కల్లా తర్వాత వస్తుంది. వెంటనే "మరి నేరుగా మాట్లాడటం ఇష్టమా, ఆన్‌లైన్‌లోనా?" అని అడిగితే, చెప్పాల్సిన సరుకంతా అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఫోను సంగతి చెప్పాలంటే మెసేజ్ అనో టెక్స్ట్ అనో అనండి. "వి మెసేజ్ ఈచ్ అదర్ ఆల్ డే, బట్ వి ఓన్లీ హ్యావ్ ఎ ప్రాపర్ చాట్ ఆన్ సండేస్." రోజంతా మెసేజీలు పెట్టుకుంటాం గానీ తీరిగ్గా కబుర్లు చెప్పుకునేది ఆదివారాలే అని. ఈ ఒక్క వాక్యంలో రెండిటికీ తేడా మీరే చూపించేశారు. అన్నట్టు వాట్సాప్‌కి ముందు "ఇన్" కాదు, "ఆన్". "వాట్సాప్‌లో" అన్న మన "లో" తెచ్చిన తంటా అది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ పాఠంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంటే చాలు.

"మేం టీ కొట్టు దగ్గర కలుస్తాం." ఈ వాక్యం రేపటి గురించా, రోజూ జరిగేదాని గురించా? చెప్పలేం. "రేపు కలుస్తాం" అన్నా అదే క్రియ, "రోజూ కలుస్తాం" అన్నా అదే క్రియ. తెలుగులో అలవాటుకీ, జరగబోయేదానికీ రూపం ఒక్కటే. ఇంగ్లిష్‌లో వేరు వేరు. రోజూ అయితే "వి మీట్", రేపు అయితే "వి విల్ మీట్" లేదా "వి ఆర్ మీటింగ్". చిన్నప్పుడు బళ్ళో "తాను, తాము వస్తే షల్, విల్" అని బట్టీ పట్టించారు కదా, ఆ సూత్రం సగమే నిజం. నేనూ దాన్ని నమ్మి చాలాకాలం "ఎవ్రీ డే ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్" అంటూ తిరిగినవాణ్ణే.

దీనికో చిట్కా ఉంది. మనసులోకి వచ్చిన తెలుగు వాక్యానికి ముందు "మామూలుగా" అని తగిలించి చూడండి. అతికిందా? అయితే విల్ తీసేయండి. "మేం క్రికెట్ గురించి మాట్లాడుకుంటాం" అనుకోండి. మామూలుగా మాట్లాడుకుంటాం, అతికింది. కాబట్టి "వి టాక్ అబౌట్ క్రికెట్." "వాడు మధ్యలో అడ్డొస్తాడు" కూడా అంతే: "హీ ఇంటరప్ట్స్". చివరి స్ మింగేయకండి, విల్ పోయిందన్న సంతోషంలో చాలామంది దాన్ని మర్చిపోతారు. "అక్కకి అన్నీ చెప్తాను" అంటే "ఐ టెల్ మై సిస్టర్ ఎవ్రీథింగ్". ఇక్కడ అక్క"కి" ఉంది కదా అని "టెల్ టు మై సిస్టర్" అనకూడదు. ఆ కి ఇంగ్లిష్‌లోకి రాదు.

ఇంగ్లిష్ వాళ్ళు కూడా అలవాటుకి విల్ వాడతారు కదా అని కిందటేడు ఒకమ్మాయి పట్టుబట్టింది. వాడతారు, ఆమె అన్నది నిజమే. "హీల్ టాక్ ఫర్ అవర్స్" అంటే "వాడి సంగతి తెలిసిందేగా, మొదలెడితే గంటలకొద్దీ వాయిస్తాడు" అన్న ధ్వని. అది కూరలో పోపు లాంటిది. అన్నం, పప్పు, చారు అన్నిట్లోనూ పోపే కుమ్మరిస్తే ఎలా ఉంటుందో, వాక్యం వాక్యానికీ విల్ వాడితే అలా ఉంటుంది. ప్రస్తుతానికి మీరు పోపు మానేయండి.

మిగిలినవి త్వరగా చూద్దాం. "పదేళ్ళ నుంచి", "2015 నుంచి": మనకి రెండిటికీ నుంచే. ఇంగ్లిష్‌లో ఎంతకాలమో చెప్తే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్. పైగా "తెలుసు" మనకి వర్తమానమే అయినా, అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగిన పరిచయం కాబట్టి ఇంగ్లిష్‌లో "హ్యావ్ నోన్" కావాలి. "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్", లేదా "సిన్స్ స్కూల్". "నాకో ఫ్రెండున్నాడు" అంటే "ఐ హ్యావ్ ఎ ఫ్రెండ్". హ్యావింగ్ అనేది టీ తాగుతున్నప్పుడు వాడుకోండి, స్నేహితుడికి వద్దు. డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు, "గురించి" దాని కడుపులోనే ఉంది. "అండ్ ఆల్" అన్నది మన "గట్రా". దాని బదులు ఇంకో ఉదాహరణ చెప్పండి, మాట్లాడటానికి సరుకూ దొరుకుతుంది.

ఇప్పుడు మాటల మూట విప్పుదాం. తెలుగులో మాట్లాడుకోవడానికి ఎన్ని పేర్లు! కబుర్లు, ముచ్చట్లు, పిచ్చాపాటీ, బాతాఖానీ, గుసగుసలు, ఊసులు, సొల్లు. ఇంగ్లిష్ కూడా ఈ విషయంలో బీదదేమీ కాదు, కాకపోతే గీతలు వేరే చోట గీసుకుంది. చాలా రోజులకి కలిసి "ఏంటి విశేషాలు?" అంటూ మొదలెట్టేది క్యాచ్ అప్. "వన్స్ ఎ మంత్ ఐ క్యాచ్ అప్ విత్ మై ఓల్డ్ క్లాస్‌మేట్స్." రైల్లో ఎదురు సీటాయనతో "ఏ ఊరు మీది? ఎండలు మండిపోతున్నాయి కదూ" అనేది స్మాల్ టాక్. పిచ్చాపాటీకి స్మాల్ టాక్ సరిపోతుందని కొందరంటారు గానీ నా మటుకు నాకు కుదరదు. పిచ్చాపాటీలో చనువుంది, స్మాల్ టాక్‌లో మర్యాదే ఉంది. స్నేహితులతో చేసేది స్మాల్ టాక్ అని చెప్తే ఆ స్నేహం మీద అనుమానం వస్తుంది.

ఆటపట్టించడానికి "పుల్ సమ్‌వన్స్ లెగ్" అంటారు. "దే పుల్ మై లెగ్ అబౌట్ మై కుకింగ్" అంటే నా వంట మీద జోకులేస్తారని. మన "కాళ్ళు పట్టి లాగెయ్యడం"తో కలిపేసుకోకండి, అందులో ఉన్న కుళ్ళు ఇందులో లేదు. ఎదురుగా లేనివాళ్ళ సంగతులు చెప్పుకోవడం గాసిప్. మన పత్రికల్లో గాసిప్ అంటే సినిమా వాళ్ళ గురించే అయిపోయింది గానీ, పక్కింటి పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకున్నా గాసిప్పే. మనసులో ఉన్నది దాచుకోకుండా చెప్పుకోవడం "ఓపెన్ అప్". "ఐ ఓన్లీ ఓపెన్ అప్ టు మై కజిన్." వీటిలో మీకు నచ్చిన రెండు ఏరుకోండి. అన్నీ ఒకే జవాబులో దూర్చితే పెళ్ళికి బీరువాలోని నగలన్నీ వేసుకొచ్చినట్టుంటుంది.

జవాబు ఎలా కట్టాలో చూద్దాం. బట్టీ మాత్రం వద్దు. అప్పటిదాకా తడుముకున్న మనిషి ఉన్నట్టుండి గడగడా అప్పజెప్తే పట్టుకోవడం ఎగ్జామినర్లకి కష్టం కాదు. "వి చాట్ అబౌట్ మెనీ టాపిక్స్" లాంటి వాక్యం కూడా వద్దు, అది ఎవరైనా ఎవరి గురించైనా చెప్పగలిగేది. ముందు తెలుగులో మిమ్మల్ని మీరే అడగండి: మొన్న చివరిసారి ఎవరితో మాట్లాడాను? ఎక్కడ? దేని గురించి? ఆ మనిషి, ఆ చోటు, ఆ సంగతి చాలు. యూకేలో నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకి స్పీకింగ్‌లో 9కి 7 రావాలి. అలాంటి ఒక నర్సు చెప్పే జవాబు ఇలా ఉండొచ్చు:

"యెస్, ఐ డూ. దేర్స్ ఎ టీ స్టాల్ అవుట్‌సైడ్ అవర్ హాస్పిటల్, అండ్ ఆఫ్టర్ ది నైట్ షిఫ్ట్ త్రీ ఆఫ్ అజ్ స్టాండ్ దేర్ ఫర్ హాఫ్ ఎన్ అవర్. మోస్ట్‌లీ వి కంప్లెయిన్ అబౌట్ ది డ్యూటీ రోస్టర్, టు బి ఆనెస్ట్."

ఆస్పత్రి బయట టీ కొట్టు ఉంది, నైట్ డ్యూటీ అయ్యాక ముగ్గురం అక్కడ అరగంట నిలబడతాం, నిజం చెప్పాలంటే ఎక్కువగా డ్యూటీ చార్టు మీద పడి ఏడుస్తాం. అంతే. పెద్ద మాట ఒక్కటీ లేదు, విల్ లేదు. పదిహేను ఇరవై సెకన్లలో అయిపోతుంది. మొదటి భాగంలో ఒక్కో ప్రశ్నకి ఇంతకన్నా అక్కర్లేదు. మీకు టీ కొట్టు లేకపోతే లిఫ్టు ముందు, మేడ మీద, ఎక్కడైనా సరే. చెప్పింది నిజమో కాదో ఎవరూ వచ్చి చూడరు గానీ, నిజంగా జరిగినదైతే వెతుక్కోకుండా నోటికొస్తుంది.

ఒక్కరితోనా, గుంపుతోనా అని అడిగితే మనవాళ్ళు "ఇట్ డిపెండ్స్" అని ఆగిపోతారు. ఆగకండి. "ఫర్ ఎ లాఫ్, ఎ బిగ్ గ్రూప్. బట్ ఇఫ్ సమ్‌థింగ్స్ బాదరింగ్ మి, జస్ట్ వన్ పర్సన్." నవ్వుకోవడానికి గుంపు, మనసు బాగోకపోతే ఒక్కరు. గొడవలు పడతారా అని అడిగితే "వి ఫైట్" అనకుండా "వి ఆర్గ్యూ" అనండి. ఫైట్ అంటే కొట్టుకున్నారేమో అని కూడా అనుకోవచ్చు. "వి ఆర్గ్యూ ఓవర్ హూ పేస్ ది బిల్" అంటే మన దగ్గర రోజూ జరిగేదే.

ఇదే విషయం మూడో భాగంలో వస్తే మీ సంగతి కాదు, లోకం సంగతి అడుగుతారు. పెద్దవాళ్ళు మాట్లాడుకునే తీరు వేరా, ఫోన్లు వచ్చాక ఏం మారింది, ఇలాంటివి. ఇక్కడ తెలుగు మనకి అడ్డు రాకుండా సాయపడుతుంది. "కూర్చునేవారు", "చెప్పుకునేవారు" అని మనకో చక్కటి రూపం ఉంది కదా, అదే "యూజ్డ్ టు". తాతయ్య వాళ్ళు అరుగు మీద కూర్చునేవారు: "మై గ్రాండ్‌ఫాదర్ అండ్ హిజ్ ఫ్రెండ్స్ యూజ్డ్ టు సిట్ అవుట్‌సైడ్ ది హౌస్ ఎవ్రీ ఈవినింగ్." తెలుగులో "ఏవారు, ఏవాళ్ళం, ఏదాన్ని" వినిపించిందంటే కళ్ళు మూసుకుని యూజ్డ్ టు పెట్టేయండి. ఒక్క జాగ్రత్త: ఇది అప్పటి సంగతికే. "ఇప్పుడు రోజూ ఐ యూజ్డ్ టు చాట్" అంటే కుదరదు.

ఉచ్చారణ మీద ఒక్క మాట. ఫ్లూయెన్సీ, మాటలు, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ మార్కుల్లో సమాన వాటా. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు, ఏమన్నారో అర్థం కాకపోతే పోతాయి. ఈ పాఠంలోని మాటల్లో రెండు చూసుకోండి. మనం మాట చివర అచ్చు చేరుస్తాం: ఫ్రెండ్సు, చాట్టు, గ్రూపు. ఆ చివరి ఉ తుంచేయండి. మాట మొదట్లో యకార వకారాలు చేరుస్తాం: యెవ్రీ, యీవినింగ్, వోన్లీ. "ఎవ్రీ ఈవినింగ్" అని నెమ్మదిగా పదిసార్లు అనండి, నాలుక ఎక్కడ మోసం చేస్తుందో తెలుస్తుంది.

ఇక ఇంటిపని. పోయిన పాఠం రికార్డింగు వినండి. ఎన్నిసార్లు విల్ అన్నారో కాగితం మీద గీతలు పెట్టండి. అందులో రేపటి సంగతులకి వాడినవి కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత ఈ మూడు ప్రశ్నలకి, ఒక్కోదానికి ఇరవై సెకన్లు మించకుండా, కొత్తగా రికార్డు చేయండి: మీరు ఎక్కువగా ఎవరితో కబుర్లు చెప్తారు? పని మధ్యలో కబుర్లు చెప్పుకుంటారా? చిన్నప్పటి స్నేహితులతో ఇప్పటికీ మాట్లాడుతున్నారా? మూడోదానికి యూజ్డ్ టు, హ్యావ్ నోన్ రెండూ అవసరం పడతాయి. మళ్ళీ గీతలు పెట్టి పాత లెక్క పక్కన కొత్త లెక్క వేయండి.

9వ పాఠంలో రెండో భాగం మొదలవుతుంది. కార్డు చేతికిచ్చి ఒక్క నిమిషం టైమిస్తారు, తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఒక పెన్సిలూ ఖాళీ కాగితమూ దగ్గర పెట్టుకుని రండి.