సేఫ్టీ రేజర్ బరువు: ఎన్ని గ్రాములన్నది కాదు, అది ఎక్కడుందన్నది చూడండి

‘మీరు నొక్కకండి, రేజర్ బరువే పని చేసుకుపోతుంది’ అని సేఫ్టీ రేజర్ కొత్తగా పట్టినవాళ్లకు అందరూ చెబుతారు. నొక్కకూడదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రెండో మాట దగ్గరే చిక్కు. బరువు ఎప్పుడూ నేలవైపే లాగుతుంది. నిలబడి గడ్డం గీసుకునేటప్పుడు చెంప నిటారుగా ఉంటుంది కాబట్టి, బరువు రేజర్‌ను కిందికి జారుస్తుందే తప్ప చర్మంలోకి నొక్కదు. తల పైకెత్తి దవడ కింద గీస్తుంటే అదే బరువు బ్లేడును చర్మం నుంచి దూరంగా లాగుతుంది. గొంతు మీద కింది నుంచి పైకి గీసేటప్పుడు మొత్తం మోసేది చెయ్యే.

మరి బరువుతో ఉపయోగం లేదా? ఉంది. బరువైన రేజర్ తల (బ్లేడు బిగించే భాగం) ఒకసారి కదిలాక తేలిగ్గా ఆగదు. దట్టమైన గడ్డంలోనూ తడబడకుండా ఒకే వేగంతో సాగుతుంది. తేలిక రేజర్ మొండి వెంట్రుక తగలగానే ఆగినట్టవుతుంది, వెంటనే చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. మంట మొదలయ్యేది అక్కడే. నొక్కని చేతిలో, పదునైన బ్లేడుతో, 35 గ్రాముల అల్యూమినియం రేజర్ కూడా 110 గ్రాముల స్టీలు రేజర్ అంత నున్నగానే గీస్తుంది.

కొనేముందు ఒక లెక్క తెలిసుంటే మంచిది. ఘనసెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములు, టైటానియం సుమారు 4.5, జింకు మిశ్రమం 6.6 దాకా, స్టెయిన్‌లెస్ స్టీలు 8 దగ్గర, ఇత్తడి 8.5 తూగుతాయి. అంటే ఒకే అచ్చు రేజర్ అల్యూమినియంలో చేస్తే స్టీలుదానిలో మూడోవంతే ఉంటుంది. చాలామందికి 70–90 గ్రాములు ఇబ్బంది లేకుండా కుదురుతాయి.

మీ రేజర్‌ను ఇలా పరీక్షించండి

1. బ్లేడు బిగించి, పిడిని చూపుడువేలి మీద అడ్డంగా పెట్టి, ఎటూ ఒరగకుండా నిలిచే చోటు వెతకండి. అది తలకు దగ్గరగా ఉంటే తల బరువు, పిడి మధ్యకో చివరకో జరిగితే తోక బరువు (తోక అంటే పిడి చివర).

2. బ్లేడు తీసేసి, తలను తిరిగి బిగించి, వంటింటి డిజిటల్ త్రాసు మీద ఆనించండి. చెంప మీద నొక్కినంతే నొక్కి అంకె చూడండి. అది రేజర్ సొంత బరువును ఇట్టే దాటిపోతుంది. 40 గ్రాముల రేజర్‌కూ 80 గ్రాముల రేజర్‌కూ ఉన్న తేడా మీ వేళ్ల ఒత్తిడి ముందు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఈ రెంటిలో మొదటిదాన్నే ఎవరూ పట్టించుకోరు. తోక బరువు రేజర్‌ను ఆ నిలిచే చోటుకన్నా తలవైపు పట్టుకుంటే, గీత కిందికి సాగేకొద్దీ తోక వాలి పిడి ముఖానికి దగ్గరవుతుంది. బ్లేడు కోణం నిటారై, కోయడం మానేసి గోకుతుంది. చెంప పైభాగం నున్నగా వచ్చి కిందిభాగం ఎర్రబడుతుంటే, బ్లేడును తిట్టేముందు ఇది చూడండి.

పట్టు, గీత

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలితో సమతూకం నిలిచే చోటే పట్టుకుని, చిటికెనవేలిని తోక కింద ఆనించండి. తేలిక రేజర్ అయితే కాస్త తోకవైపు జరగండి. అక్కడి నుంచి నొక్కడం కష్టం, అదే మనకు కావాలి.

తల పైకప్పును చెంపకు ఆనించి, పిడిని ముఖానికి లంబంగా పెట్టండి. అక్కడి నుంచి నెమ్మదిగా దించుతూ, బ్లేడు అంచు తగలగానే ఆపండి. బ్లేడుకూ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల చిన్న గీతలు చాలు. మొదటి విడత వెంట్రుకల వాలు వెంట, రెండోది అడ్డంగా. చర్మం ఓర్చుకుంటేనే ఎదురు గీత. బరువైన రేజర్ ఆగడానికి కాస్త సమయం తీసుకుంటుంది కనుక ముక్కు కింద, గొంతుముడి దగ్గర గీతలు ఇంకా చిన్నవి చేయండి. గాట్లు ఎక్కువగా పడే చోట్లు ఇవే.

పిడి మార్చాలనుకుంటే

మూడు ముక్కల రేజర్లలో (పైకప్పు, అడుగు పలక, పిడి విడిగా వచ్చేవి) చాలావాటికి ఎం5 మర, అంటే 5 మిల్లీమీటర్ల ప్రామాణిక మర ఉంటుంది కాబట్టి పిడి ఒకదానిది మరోదానికి పడుతుంది. పాత జిల్లెట్ల మర వేరు. మొదటి చుట్టులోనే పట్టేస్తే బలవంతం చేయకండి, మర చెడుతుంది. బరువైన పిడి వేస్తే మొత్తం బరువు పెరిగినా సమతూకం తోకవైపు జరుగుతుంది, తల ఇంకా తేలికైనట్టు అనిపిస్తుంది. తల నిలకడ కోసం బరువు పెంచాలనుకుంటే పొడుగు పిడి కాకుండా పొట్టిది ఎంచుకోండి.

రేజర్ మార్చిన మొదటి వారం బ్లేడు, సబ్బు పాతవే ఉంచండి. అన్నీ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్లో తేలదు.

బరువుతో మరో తంటా: తడి చేతిలో జారడం. నున్నటి పిడి 100 గ్రాములు దాటితే సబ్బు చేతికి నిలవదు, గరుకు గాట్లున్న పిడే తీసుకోండి. జింకు మిశ్రమం తల గచ్చు మీద పడితే మర కాడ విరిగే అవకాశం ఎక్కువ, స్టీలుదైతే గచ్చు పలకే పగలొచ్చు. సింకులో ముందే కొన్ని నీళ్లు నింపుకుంటే, లేదా చిన్న తువ్వాలు పరుచుకుంటే రెండూ బతుకుతాయి.