బిడ్డకు ఒంట్లో బాగోలేనప్పుడు ఇంట్లో లెక్కపెట్టాల్సినవి, పిల్లల డాక్టరును ఎంచుకునే తీరు

చిన్నపిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు. వాళ్ల తరఫున చెప్పాల్సింది పెద్దవాళ్లే. "నిన్నటి నుంచి జ్వరమండీ, ఏమీ తినట్లేదు" అంటే డాక్టరుకు తెలిసేది తక్కువ. "నిన్న సాయంత్రం 6 గంటలకు 102, రాత్రి ఒక వాంతి, తెల్లారినప్పటి నుంచి రెండుసార్లే మూత్రం పోశాడు" అంటే సగం పరీక్ష అక్కడే అయిపోతుంది. అందుకే బిడ్డకు నలతగా ఉందనిపించగానే మందుల డబ్బా కన్నా ముందు ఒక కాగితం, పెన్ను తీయండి. జ్వరం ఎంత, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ గంటకు, మూత్రం ఎన్నిసార్లు, విరేచనాలు ఎన్ని, పాలు ఎంత తాగాడు: ఇవన్నీ టైముతో సహా రాయాలి. రాత్రి రెండింటికి మందు ఎవరు వేశారో గుర్తులేక తల్లీ తండ్రీ ఇద్దరూ వేసేయడం చాలా ఇళ్లలో జరిగేదే.

ఇంకొక అంకె ముందే తెలిసి ఉండాలి, బిడ్డ బరువు. పిల్లల మందుల్లో చాలావాటి మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్కవేస్తారు. ఒకే వయసు పిల్లల మధ్య మూడు నాలుగు కిలోల తేడా ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు తూచుకునే మెషీన్ ఉంటే చాలు. ముందు మీరు బిడ్డను ఎత్తుకుని ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, మొదటి అంకెలోంచి రెండోది తీసేయండి. అంత కచ్చితంగా రాకపోయినా మందు లెక్కకు సరిపోతుంది. మొదటి ఏడాది నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి తూచి రాసిపెట్టుకోండి.

జ్వరం

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి జ్వరం ఎంతో చెప్పలేం. డిజిటల్ థర్మామీటరు కొన చంక గుంటలో ఆనేలా పెట్టి, చెయ్యి ఒంటికి అదిమి పట్టి, బీప్ వచ్చేదాకా ఆగాలి. చెమట ఉంటే ముందు తుడవాలి. చంకలో 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జ్వరమనే లెక్క. ఒంటి లోపలి వేడి దీనికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది.

మూడు నెలలు నిండని పసికందుకు 100.4 చూపిస్తే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోవద్దు. ఆ వయసులో రక్తానికి, మెదడు పొరలకు పాకిన ఇన్ఫెక్షన్ కూడా పైకి జ్వరంగా మాత్రమే కనిపించవచ్చు. అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. ఒళ్లు చల్లబడిపోయి 95.9 కన్నా తగ్గినా అంతే ప్రమాదం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అంతకన్నా పెద్ద పిల్లల్లో అంకెను కాదు, బిడ్డను చూడాలి. 103 ఉన్నా మందు పడ్డాక ఆడుకునే బిడ్డ కన్నా, 101 ఉండి కళ్లు తేలేసి మత్తుగా పడుకున్న బిడ్డ గురించే ఎక్కువ కంగారు పడాలి. మందు వేసేది బిడ్డ బాధ తగ్గడానికే. హాయిగా నిద్రపోతున్న బిడ్డను లేపి మరీ వేయనక్కర్లేదు.

పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి, 24 గంటల్లో 4 సార్లకు మించకూడదు. తప్పులు ఎక్కువగా జరిగేది సీసా దగ్గర. సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాములు ఉండే రకాలున్నాయి. డ్రాప్స్‌లో చాలావాటికి ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు వేయాలనుకుందాం. 120 సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే 2.4, డ్రాప్స్ అయితే 1.2 చాలు. డాక్టరు సిరప్‌ను మనసులో పెట్టుకుని "5 ఎంఎల్" అంటే, ఇంట్లో ఉన్న డ్రాప్స్ సీసాలోంచి 5 ఎంఎల్ వేశారంటే నాలుగు రెట్లు పడినట్టు. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బతినేది కాలేయం. జలుబు సిరప్‌లు కొన్నింటిలోనూ పారాసిటమాల్ కలిసే ఉంటుంది కాబట్టి, రెండూ ఇస్తే తెలియకుండానే డబుల్ అవుతుంది.

మందు వేశాక అరగంట నుంచి గంట పడుతుంది. 104 నుంచి 102కి దిగితే మందు పనిచేసినట్టే, 98.6కి రావాలని లేదు. ఐబుప్రొఫెన్ ఆరు నెలల లోపు పిల్లలకు సొంతంగా వేయకండి. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు, ఆటలమ్మ పోసిన బిడ్డకు, డెంగీ అనుమానం ఉన్న బిడ్డకు ఏ వయసులోనూ వద్దు. ఆస్పిరిన్ అయితే పిల్లల జ్వరానికి అసలు పనికిరాదు. దానివల్ల రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఒళ్లు తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్లతోనే. ఐసు, చన్నీళ్లు పోస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వణుకు పుడుతుంది, లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. దుప్పట్లు కప్పడమూ పొరపాటే. పలచని బట్ట ఒక్కటి చాలు.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది కానీ, చాలావరకు ఐదు నిమిషాల్లోపు వాటంతటవే ఆగిపోతాయి, మెదడును పాడుచేయవు. బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో స్పూను, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా అంబులెన్స్ పిలవాలి. మొదటిసారి వస్తే త్వరగా ఆగిపోయినా సరే అదే రోజు చూపించాలి. ఫిట్స్ రాకుండా ముందు జాగ్రత్తగా పారాసిటమాల్ వేస్తూ ఉండటం వల్ల అవి ఆగవు.

ఊపిరి

బిడ్డ నిద్రలోనో ప్రశాంతంగానో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టుకుంటూ పూర్తిగా ఒక నిమిషం చూడండి. పసిపిల్లల ఊపిరి ఒకే లయలో ఉండదు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే తప్పొస్తుంది. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, ఈ అంకెలకు చేరినా దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టే. ఏడ్చేటప్పుడు, జ్వరం మీదున్నప్పుడు కాస్త పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక మళ్లీ లెక్కపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ఆరోజే చూపించాలి.

వేగం కన్నా భయపడాల్సింది డొక్కలెగరేయడానికి. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకల కింది భాగం లోపలికి గుంట పడటం, ముక్కుపుటాలు అదరడం, ఊపిరి వదిలేటప్పుడు మూలగడం, పెదాలు నీలంగా మారడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీస్తే డాక్టరుకు చాలా ఉపయోగం. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ తీరు మారిపోవచ్చు.

మామూలు జలుబుకు సెలైన్ చుక్కలే మంచి మందు. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో రెండేసి చుక్కలు వేస్తే ముక్కు తెరుచుకుని పాలు తాగగలుగుతాడు. నాలుగేళ్ల లోపు పిల్లలకు షాపులో కొనుక్కొచ్చిన దగ్గు, జలుబు సిరప్‌లు వద్దు. వాటితో మేలు నామమాత్రం, మత్తు, గుండెదడ మాత్రం నిజం. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు అరచెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపైతే చుక్క కూడా వద్దు, బొటులిజం అనే జబ్బు రావచ్చు.

వాంతులు, విరేచనాలు

ఇక్కడ ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడం. విరేచనాలు ఆపే మందులు చిన్నపిల్లలకు వేయకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో అన్నే కలపాలి. పెద్ద ప్యాకెట్ అయితే సాధారణంగా ఒక లీటరు. సగం పొడి సగం నీళ్లలో కలిపి మిగతాది దాచుకుంటే ఉప్పు ఒకవైపు, గ్లూకోజు ఒకవైపు చేరిపోవచ్చు. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై మరీ ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి 24 గంటల్లో వాడేసి, మిగిలింది పారబోయండి. రుచి కోసం చక్కెర కలపకండి. పళ్లరసాలు, కూల్‌డ్రింకులు దీనికి బదులు కావు, వాటిలోని చక్కెర పేగుల్లోకి నీటిని ఇంకా లాగుతుంది.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత ఓఆర్ఎస్ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన వాళ్లకు 100 నుంచి 200. "తాగింది తాగినట్టే కక్కేస్తున్నాడు" అనే మాట తరచూ వింటాం. దాహం మీద ఉన్న బిడ్డకు గ్లాసు ఇస్తే గటగటా తాగుతాడు, ఉబ్బిన పొట్ట అంతా బయటికి తోస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్కో చెంచా పట్టండి. చేయి నొప్పి పుట్టే పని, కానీ సెలైన్ ఎక్కించే అవసరం చాలాసార్లు దీంతోనే తప్పుతుంది. తల్లిపాలు ఆపొద్దు. పెద్ద పిల్లలకు తినగలిగిన మామూలు తిండి పెట్టండి. జింకు ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, విరేచనాలు తగ్గినా సరే 10 నుంచి 14 రోజులు వేయాలి.

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, కన్నీళ్లు రాని ఏడుపు, గుంటలు పడ్డ కళ్లు, లోపలికి దిగిన మాడు, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్లడం: ఇవి నీరు తగ్గిపోయిన గుర్తులు. ఆకుపచ్చ వాంతి పేగు మూసుకుపోయిందనడానికి సూచన కావచ్చు. అది గానీ, మలంలో రక్తం గానీ కనిపిస్తే చెంచా పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో ఒంటి మీద మచ్చలొచ్చి, గాజు గ్లాసుతో అదిమి చూసినా రంగు మారకపోతే అదీ అంతే అత్యవసరం. మెడ బిగుసుకున్నా, ఎంత లేపినా లేవకపోయినా, ఏదీ మింగలేకపోయినా అలాగే.

మందు పట్టడం

ఇంట్లో చెంచాల సైజులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. సూది లేని ప్లాస్టిక్ సిరంజి వాడండి. బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వదలాలి. ముక్కు మూసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలసీసాలో కలిపితే, పాలు వదిలేసినప్పుడు మందు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు.

యాంటీబయాటిక్ పొడిలో నీళ్లు ఒక్కసారే గీత దాకా పోస్తే పొడి ఉండకట్టి గీత తప్పు చూపిస్తుంది. ముందు సగం పోసి బాగా కుదిపి, తర్వాత గీత దాకా పోసి మళ్లీ కుదపండి. వేసిన ప్రతిసారీ కుదపాలి. పాత జబ్బులో మిగిలిన సీసా కొత్త జబ్బుకు వాడకండి.

డాక్టరును ఎంచుకోవడం

జ్వరం వచ్చిన రాత్రి వెతకడం మొదలుపెడితే ఎవరు దొరికితే వాళ్లే దిక్కు. బిడ్డ పుట్టక ముందో, బాగున్నప్పుడు టీకాకో వెళ్లి చూసుకోవాలి. ఆన్‌లైన్ స్టార్లు ఎక్కువగా చెప్పేది ఎంతసేపు కూర్చోబెట్టారన్నది, వైద్యం సంగతి కాదు. పిల్లల వార్డుల్లో పనిచేసే నర్సులు తమ బిడ్డల్ని ఎవరికి చూపిస్తారో అడగండి. పిల్లల వైద్యంలో ప్రత్యేక పట్టా, రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో వైద్య మండలి జాబితాలో చూసుకోవచ్చు.

గదిలోకి వెళ్లాక మాటలు కాదు, చేతలు గమనించండి. వెళ్లిన ప్రతిసారీ బరువు తూస్తున్నారా? మొదటి రెండేళ్లు పొడవు, తల చుట్టుకొలత కూడా కొలిచి చార్టులో గుర్తు పెడుతున్నారా? చొక్కా తీయించి ఊపిరి చూస్తున్నారా? చేయి తిరిగిన డాక్టరు బిడ్డ తల్లి ఒళ్లో నెమ్మదిగా ఉన్నప్పుడే ముందు గుండె, ఊపిరి వింటారు. ఏడుపు తెప్పించే చెవులు, గొంతు చివరికి ఉంచుతారు. ఈ వరస తెలిసిన చెయ్యి ఇట్టే కనిపిస్తుంది.

చీటీ చూడండి. ప్రతి మందుకూ ఏ బలమున్న సిరప్పో, ఎన్ని మిల్లీలీటర్లో, ఎన్ని రోజులో ఉండాలి. మామూలు జలుబుకు ఐదు మందులుంటే "ఇందులో తప్పనిసరివి ఏవండీ?" అని అడగండి. జలుబులు దాదాపు అన్నీ వైరస్‌ల వల్లే వస్తాయి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయదు. "ఇప్పుడు అక్కర్లేదు, మూడో రోజుకూ జ్వరం ఉంటే, తాగడం మానేస్తే, ఊపిరి వేగం పెరిగితే వెంటనే రండి" అని చెప్పి పంపేవారిని, మందు రాయలేదని వదులుకోకండి. ప్రతి జ్వరానికీ ఇంజెక్షన్, అడిగితే చిరాకు, పాత కాగితాలు తిరగేయకపోవడం, ఇవి మానేయడానికి తగిన కారణాలే.

మరికొన్ని ముందే తేల్చుకోండి. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ఎవరు చూస్తారు? చేర్చాల్సి వస్తే ఎక్కడికి పంపుతారు? టీకాలు ఉంచే ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రాస్తారా, వేసే ముందు సీసా మీద తేదీ చూపిస్తారా? ఫోన్‌లో సలహా మందు మోతాదు సరిచూసుకోవడానికి సరే, ఊపిరి ఇబ్బందికీ, మూడు నెలల లోపు జ్వరానికీ సరిపోదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు నచ్చిన డాక్టరు గంట దూరంలో ఉన్నా అటు వెళ్లకండి, పిల్లల ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లి, అక్కణ్నుంచి ఆయనకు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం, టీకాల కార్డు, వాడుతున్న ప్రతి మందు సీసా సంచిలో ఉండాలి. మందు పేరు చెప్పడం కన్నా సీసా చూపించడమే మేలు, బలం ఎంతో దాని మీదే రాసి ఉంటుంది.