ఇంట్లో గ్లిజరిన్ సబ్బులు – 3వ పాఠం: పొరల మధ్య అతుకు

బేస్ (కరిగించి అచ్చులో పోసే తయారు గ్లిజరిన్ సబ్బు) కరిగించడం, రంగూ పరిమళం కలపడం గత రెండు పాఠాల్లో చూశాం. ఒక రంగు సబ్బు చేయడం వచ్చినవారికి పొరల సబ్బు కూడా వస్తుంది. అయితే అందం రంగుల్లో కనిపించినా, సబ్బు నిలిచేది పొరల మధ్య అతుకుతోనే. అది సరిగా పడకపోతే కోసేటప్పుడో, వాడుతుండగానో పొరలు ఊడి వస్తాయి.

ఈసారి 500 గ్రాములు పట్టే పొడవాటి సిలికాన్ అచ్చు తీసుకోండి. కింద 200 గ్రాముల నీలం, మధ్యలో 80 గ్రాముల తెలుపు, పైన 220 గ్రాముల రంగు లేని పారదర్శక బేస్. మూడింటినీ సమాన మందంతో పోయవచ్చు కానీ, నాకు మాత్రం మధ్యలో సన్నని తెల్ల గీత ఉంటేనే నీలం నిండుగా కనిపిస్తుంది.

నీలానికి అల్ట్రామెరైన్ పొడి గానీ, మైకా (మెరిసే అభ్రకం పొడి) గానీ వాడండి. వంటల్లో వేసే రంగులు వద్దు. పోసిన రోజు చక్కగానే ఉంటాయి, రోజులు గడిచేకొద్దీ పక్క పొరలోకి పాకి తెల్ల గీతను మాపేస్తాయి. పొడి రంగులు సబ్బులో కరగవు కనుక వేసిన చోటే ఉంటాయి. పొడిని ముందుగా అర చెంచా గ్లిజరిన్‌లో ఉండలు లేకుండా రంగరించాలి. తెల్ల పొరలో వనిల్లా పరిమళం వేయకండి, కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతుంది.

నీలం పొర పోయగానే దాని మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సన్నగా పిచికారీ చేయండి. పైకి తేలిన బుడగలు పోతాయి. అది చప్పున నిప్పు అంటుకునే ద్రవం, కాబట్టి పొయ్యి ఆర్పిన తర్వాతే సీసా చేతిలోకి తీసుకోండి.

ఇక ఆగాలి. గడియారాన్ని నమ్ముకోవద్దు. ఎండాకాలం పట్టే సమయం వేరు, చలికాలం వేరు. పాల మీద మీగడ కట్టినట్టు పైన పలుచని పొర కడుతుంది. వేలి కొసతో మెల్లగా తాకి చూడండి. వేలికి తడి అంటకూడదు, సొట్ట పడకూడదు, గోరువెచ్చగా తగలాలి. అచ్చును కాస్త కదిపితే లోపలి సబ్బు ఇంకా తొణకాలి. పోయవలసిన సమయం అదే. అంతకు ముందే పోస్తే కొత్త సబ్బు నీలాన్ని చీల్చుకుని కిందికి దిగిపోతుంది. పూర్తిగా చల్లారాక పోస్తే పైపైన కూర్చుంటుంది తప్ప అతకదు.

తెల్ల బేస్ వేడిని థర్మామీటర్‌తో చూసి, 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు పోయండి. పోసే ముందు నీలం మీద మరోసారి ఆల్కహాల్ చల్లాలి. ఈ తడి మీదే అతుకు పడుతుంది. ధారను నేరుగా వదలకుండా గరిటె వెనుక వైపు మీదుగా జార్చండి. తెలుపు పలుచని పొర కాబట్టి త్వరగా చల్లారుతుంది. పారదర్శక బేస్‌ను ముందే కరిగించి పక్కన సిద్ధంగా ఉంచుకోండి.

ఎవరో పిలిచి వెళ్లి వచ్చేసరికి పొర గట్టిపడిపోయిందా? ఫోర్కుతో పైన అడ్డదిడ్డంగా గీతలు గీసి, ఆల్కహాల్ బాగా చల్లి, తర్వాతి పొరను 60 డిగ్రీల దగ్గర పోయండి.

త్వరగా గట్టిపడుతుందని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే తేమ పట్టి సబ్బు చెమర్చుతుంది. రాత్రంతా గదిలోనే వదిలేసి, ఉదయం అచ్చు నుంచి తీయండి. కోసేటప్పుడు సబ్బును పక్కకు పడుకోబెట్టండి. అప్పుడు కత్తి మూడు పొరల్లోకీ ఒకేసారి దిగుతుంది. పై నుంచి నొక్కితే బలహీనమైన అతుకు ఉన్న చోట పొరలు విడిపోతాయి.

కోసిన వెంటనే క్లింగ్ ఫిల్మ్‌లో గాలి చొరకుండా చుట్టండి. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉండేవారు, వానాకాలంలో అయితే మరీ, ఈ పనిని మర్నాటికి వాయిదా వేయకండి.

విడిపోయిన ముక్కలేవైనా ఉంటే పారేయకుండా చిన్న పలకలుగా కోసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచండి. పారదర్శక సబ్బులో ముక్కలను పొదగడం 4వ పాఠంలో చేద్దాం, అప్పుడు అవి కావాలి.